ఎడమకాలికీ పని చెప్పిన గురువు

ప్రతి జట్టులోనూ అందరికన్నా చురుకైన కుర్రవాడు ఒకడుంటాడు. బంతి వాడికి అందితే చాలు, గోలు ఖాయమని అందరి నమ్మకం. దాడినంతా వాడి మీదే నడిపించి నేడే గెలవడం న్యాయమా? లేక గెలుపు ఆలస్యమైనా సరే, వాడినీ మిగతావారినీ పూర్తి ఆటగాళ్లుగా తీర్చిదిద్దడం న్యాయమా? ఇది మైదానంలో తేలిపోయే ప్రశ్న కాదు. పిల్లలున్న ప్రతి ఇంటికీ సంబంధించినది.

మన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం జీవితంలో దీనికి ఒక జవాబు దొరుకుతుంది. వృత్తిరీత్యా ఆయన ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టులో ఆడినవారు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినప్పుడూ ఆయనే శిక్షకుడు. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో ఆయన జట్టే ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అంతకుముందు ఆసియా జట్టేదీ ఒలింపిక్స్‌లో అంతదూరం వెళ్లలేదు.

ఆయన వ్యూహానికి పునాది శిక్షణలోనే ఉంది. కుర్రవాళ్లకు ఆయన వింత పోటీలు పెట్టేవారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయరాదు; బంతి అందగానే తోటివాడికి అందించాలి. మరొకదానిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఆలోచించి చూడండి. మొదటి నియమం ప్రతిభావంతుని గర్వాన్ని అణుస్తుంది, వెనుకబడినవానికి బంతిని అందిస్తుంది. రెండవది ఎంతటివానికైనా తన లోపాన్ని చూపిస్తుంది. ఆనాటి ఆటలో మేటి ఆటగాడు కూడా తడబడతాడు. కాని రేపు రెండు కాళ్లూ వానికి అక్కరకు వస్తాయి. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఇటువంటి గురువు చేతిలోనే ఎదిగి, 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడారు.

"గెలవని శిక్షణ ఎందుకు?" అని కొందరడుగుతారు. సరైన ప్రశ్నే. రహీం కూడా గెలుపు కోరినవారే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం సాధించింది. అందులో ఒక గోలు చేసిన జర్నైల్ సింగ్ అసలు డిఫెండరు. తలకు గాయమైన ఆయనను రహీం ముందు వరుసలో ఆడించారు. గాయంతో ఆడించడం నేడు మనం అనుసరించదగినది కాదు. కాని ఒక్క స్థానానికే మనిషిని కట్టివేయరాదన్న పాఠం మాత్రం నిలిచి ఉంది. అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్న రహీం 1963లో కన్నుమూశారు.

ఇప్పుడు మన కరీంనగర్, మంచిర్యాల వైపు చూద్దాం. ర్యాంకు తెచ్చేవారికి ఒక సెక్షను, మిగిలినవారికి మరొకటి అన్న పద్ధతి మన కళాశాలలకు కొత్త కాదు. ఇళ్లలోనూ బాగా చదివే కొడుకు మీదే డబ్బూ ఆశా పెట్టి, కూతురి చదువును ఇంటరుతో ఆపేసేవారున్నారు. ఇందులో వెనుకబడిన బిడ్డకే కాదు, ముందున్న బిడ్డకూ అన్యాయం జరుగుతోంది. వాడి ర్యాంకు మనకు కావాలి, వాడి తడబాటు మనకు అక్కరలేదు. అప్పుడు వాడు మన గెలుపుకు పనిముట్టే గాని బిడ్డ కాదు.

దేవుడిచ్చిన ప్రతిభ అట్టిపెట్టుకోవడానికి కాదు, అందించడానికి. ఈ వారం మీ పిల్లల మార్కులు చూసేటప్పుడు, తక్కువ వచ్చిన సబ్జెక్టు దగ్గర కోపగించక కాసేపు పక్కన కూర్చోండి. పెద్దవాణ్ణి చిన్నదానికి ఒక లెక్క నేర్పమనండి. ఆ గంటలో ఇద్దరూ ఎదుగుతారు.