కోసోంగ్ అడిగిన కొడుకు

ధ్యాన భాగం: 2 తిమోతి 1:3–7, అపొస్తలుల కార్యములు 16:1–3

మలేషియాలో జోహోర్ రాష్ట్రంలోని క్లువాంగ్ రైల్వే స్టేషన్‌లో 1938లో ఒక కాఫీ కాంటీన్ మొదలైంది. పెట్టింది చైనాలోని హైనాన్ ద్వీపం నుంచి వలస వచ్చిన కుటుంబం. ఆ తర్వాత వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు నడుపుతూ వచ్చారు. కౌలాలంపూర్‌లోని యుట్ కీ ఇంకా పాతది, 1928 నాటిది. అదీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చిందే. ఆదివారం ఆరాధన ముగిశాక ఏ కోపీతియాంలో, అంటే ఇక్కడి కాఫీ కొట్టులో, కూర్చున్నా బల్లల దగ్గర కూడా ఇదే వరస. తాత కాఫీని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతుంటాడు. పక్కన మనవడు బొగ్గుల మీద కాల్చిన రొట్టెముక్కను తాత కప్పులో ముంచి తింటుంటాడు. కాఫీ బావుంటుందని ఆ పిల్లాడికి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఇంతా చేస్తే మలేషియా కాఫీకి చెప్పుకోదగ్గ వంశమేమీ లేదు. 1869లో సిలోన్ తోటల్లో బయటపడిన ఆకు తుప్పు తెగులు ఇరవై ఏళ్లలో అక్కడి అరబికా సాగును తుడిచిపెట్టేసింది. ఆ రోజుల్లోనే, తెగులును కాస్త తట్టుకుంటుందని పేరున్న ఆఫ్రికా మొక్క లైబీరికాను తెచ్చి మలయాలో నాటారు. చల్లటి కొండలు కావాలని అది పేచీ పెట్టలేదు. వేడిగా, తేమగా ఉండే పల్లపు నేలలోనే చెట్టంత ఎదిగింది. గింజ పెద్దది, పండు తోలు మందం, వాసనలో కొంచెం పనసపండు జాడ. అరబికా అలవాటైనవాళ్లు ఇప్పటికీ దాన్ని చూసి మూతి విరుస్తారు. 1890ల్లో బ్రెజిల్ పంట వెల్లువెత్తి ధర పడిపోయేసరికి దొరలు కాఫీ వదిలేసి రబ్బరు వేసుకున్నారు. మిగిలిన కాఫీని హైనాన్ వంటవాళ్లు అందుకున్నారు. గింజల్ని పంచదార, మార్జరిన్ వేసి నల్లగా వేయించి, పొడిని గుడ్డసంచిలో వేసి మరిగే నీళ్లు పోసి, డబ్బాపాలు కలిపి ఇచ్చారు. ఆఫ్రికా చెట్టు, చైనా చెయ్యి, మలయ్ పేరు. ఈ దేశంలో ఇంటింటి వారసత్వం అదే.

మన మలేషియా తెలుగువాళ్ల సంగతీ అంతే. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి పేరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరి తోటల్లో, రబ్బరు ఎస్టేట్లలో పనిచేసిన మన ముందుతరాల వాళ్లు కాఫీని ఊరి నుంచి మూట కట్టుకుని రాలేదు. ఆ పల్లెల్లో పొద్దున్నే కడుపులో పడేది చోడి అంబలి, లేకపోతే గంజి. కాఫీ ఇక్కడ నేర్చుకున్న రుచి. ఇప్పుడు 'మా ఇంటి కాఫీ' అని మురిసిపోతున్నామంటే, ఎప్పుడో ఒక ముత్తాత ఈ నేల ఇచ్చినదాన్ని మొదటిసారి నోట పెట్టుకున్నాడు కాబట్టే.

విశ్వాసపు వారసత్వమూ ఇలాంటిదే. చెరసాల నుంచి ఉత్తరం రాస్తూ పౌలు తిమోతిని తలచుకున్నప్పుడు ఆయనకు గుర్తొచ్చింది ఇద్దరు ఆడవాళ్లు, అమ్మమ్మ లోయి, తల్లి యునీకే. తండ్రి పేరు ఆ ఉత్తరంలో లేదు. అపొస్తలుల కార్యములు చూస్తే కారణం ఊహించుకోవచ్చు. తల్లి ప్రభువును నమ్మిన యూదురాలు, తండ్రి గ్రీకువాడు. కొడుక్కి చిన్నప్పుడు సున్నతి కూడా జరగలేదు. యెరూషలేములో పెద్దలెవరైనా చూస్తే ఆ ఇంటికి ఎన్ని వంకలు పెట్టేవారో! అయినా పిల్లవాడికి పసితనం నుంచీ లేఖనాలు తెలుసునని పౌలే మూడో అధ్యాయంలో రాశాడు. సగం గ్రీకు, సగం యూదు అయిన ఆ లుస్త్ర ఇంట్లోనే విశ్వాసం మూడు తరాలు కాపురం చేసింది.

ఈ మాట మలేషియాలోని తెలుగు తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. పిల్లలు తమిళ ఆరాధనకో ఇంగ్లీషు ఆరాధనకో వెళ్తారు. భోజనం ముందు ప్రార్థన కూడా ఇంగ్లీషులోనే. అమ్మమ్మ తెలుగులో చేసే దీర్ఘ ప్రార్థనలో వాళ్లకు ఆమేన్ ఒక్కటే పూర్తిగా అర్థమవుతుంది. 'మన తర్వాత ఇంక ఏముంటుంది?' అని దిగులు. భాష పోతుందన్న బాధ నిజమే, దాన్ని నేను తేలిక చేయను. కానీ భాష పోతే భక్తీ పోయినట్టేనని లెక్క కట్టేయడం తొందరపాటు.

ఇంకొకటి, చెప్పడానికి కొంచెం చేదుగా ఉంటుంది. కాఫీతో పాటు పంచదారనూ మనమే పిల్లలకు అప్పగించాం. 2019 జాతీయ ఆరోగ్య సర్వేలో మలేషియా పెద్దవాళ్లలో 18.3 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు తేలింది, అంటే దాదాపు ఐదుగురిలో ఒకరికి. డబ్బాపాలు దండిగా పోసి ఇవ్వడమే మనకు తెలిసిన ప్రేమ. అందుకే ఇవాళ కుర్రాళ్లు కౌంటర్ దగ్గర 'కోపి ఓ కోసోంగ్' అంటున్నారు, పాలు వద్దు, పంచదార వద్దు అని. అది విని నొచ్చుకునే తండ్రులు ఉన్నారు. ఎందుకు నొచ్చుకోవాలి? వాడు నాన్న తాగే కాఫీనే తాగుతున్నాడు. వదిలేసింది పంచదారని.

మన విశ్వాసంలోనూ మనం కలిపిన పంచదార తక్కువేం కాదు. కులం చూసి కట్నం మాట్లాడుకునే పెళ్లిళ్లు, మన సంఘమే సంఘమన్న గర్వం, కూతురి సందేహానికి కసురే జవాబు. ఇరవై రెండేళ్ల అమ్మాయి వీటిని పక్కన పెడుతుంటే 'విశ్వాసం వదిలేస్తోంది' అని సంఘకాపరికి ఫోన్ చేసే ముందు, ఆమె పక్కన పెట్టింది ఏమిటో ఒకసారి అడిగి చూడండి. ఒక్కోసారి ఆమె నిజంగానే ప్రభువుకు దూరమవుతూ ఉండవచ్చు. అప్పుడు ఏడ్చి ప్రార్థించండి. కానీ ఆ రెండింటికీ తేడా తెలుసుకోవాలంటే ముందు ఆమె చెప్పేది వినాలి, మధ్యలో అడ్డు తగలకుండా.

పౌలు కూడా లోయిని, యునీకేను మెచ్చుకుని అక్కడితో ఊరుకోలేదు. వెంటనే తిమోతి వైపు తిరిగి, నీలో ఉన్న వరాన్ని నువ్వే రగిలించుకోవాలి అని గుర్తు చేశాడు. అమ్మమ్మ ఆ పని చేసిపెట్టదు.

ప్రార్థన: తండ్రీ, ఈ దేశంలో మా ముందు తరాల వాళ్లను పోషించినందుకు స్తోత్రం. ఇంట్లో ఒంటరిగా నిన్ను నమ్ముకుని పిల్లలకు నీ వాక్యం చెబుతున్న తల్లులకు బలం ఇవ్వు. వాళ్ల భర్తలను దర్శించు. ఈ రోజు మా పిల్లలు ఏ భాషలో నిన్ను పిలిచినా ఆలకించు. వాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలకు కోపం లేకుండా జవాబు చెప్పే ఓపిక మాకు దయచేయి. యేసు నామంలో, ఆమేన్.