గర్భిణి వ్రతం, దేహధర్మం

గర్భిణులకు తరచుగా వచ్చే జబ్బుల్లో యూరిన్ ఇన్ఫెక్షన్ ఒకటి. వైద్యుల దగ్గర దానికి పరీక్ష ఉంది, మందు ఉంది. ఇంట్లో మాత్రం అది ఒక్కోసారి ధర్మసందేహంగా మారుతుంది. ఉపవాసం, మడి, వ్రతనియమం ఒకవైపు. దాహం, మూత్రవిసర్జన, మందుబిళ్ల మరోవైపు. ఏది పాటిస్తే ధర్మం?

గర్భం నిలిచాక ప్రొజెస్టెరాన్ హార్మోన్ వల్ల మూత్రపిండాల నుంచి మూత్రాశయానికి దిగే నాళాలు సడలుతాయి. పెరిగే గర్భసంచి వాటిని, ముఖ్యంగా కుడివైపు నాళాన్ని, ఒత్తుతుంది. మూత్రం సాఫీగా దిగక నిలవ ఉంటుంది. అక్కడ క్రిములు పెరుగుతాయి. వాటిలో ఎక్కువ భాగం పేగుల్లో ఉండే ఈ.కొలి. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి దీని గుర్తులు. అయితే నూటికి 2 నుంచి 10 మంది గర్భిణుల్లో ఏ బాధా లేకుండానే మూత్రంలో క్రిములు ఉంటాయి. పట్టించుకోకపోతే అవి మూత్రపిండాలకు పాకి చలిజ్వరం, నడుము నొప్పి తెస్తాయి. నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే తొలి నెలల్లోనే యూరిన్ కల్చర్ చేయిస్తారు. క్రిములు తేలితే, బాధ లేకపోయినా, 7 రోజులు యాంటీబయాటిక్ వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది.

శ్రావణ శుక్రవారం. నాలుగో నెల గర్భిణి పట్టుచీర కట్టుకుని వరలక్ష్మీ వ్రతానికి పీటల మీద కూర్చుంటుంది. మధ్యలో లేస్తే మడి పోతుందని, ముత్తైదువలు ఏమనుకుంటారోనని పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టలేదు. పక్కన ఇత్తడి గ్లాసులో నీళ్లు నిండుగా అలాగే ఉంటాయి. మూత్రం వస్తున్నా కథ పూర్తయ్యేదాకా ఓర్చుకుంటుంది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. ఆపుకున్నకొద్దీ క్రిములకు వ్యవధి దొరుకుతుంది. ఆమె మనసులో ఉన్నది భక్తే. కానీ ఈ ఓర్పును శాస్త్రం అడిగిందా?

అడగలేదు. వ్రతభంగం కలిగించనివి ఎనిమిది అని మహాభారతం ఉద్యోగపర్వంలోని విదురనీతి లెక్కపెడుతుంది. వాటిలో మొదటిది నీళ్లు, చివరిది ఔషధం. చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం ఆపుకోకూడని వేగాలు, అంటే దేహం తొందరపెట్టే అవసరాలు, పదమూడని చెబుతూ మూత్రంతోనే మొదలుపెడుతుంది. నిండా నూనె పోసిన పాత్రను తొణకకుండా పట్టుకున్నంత జాగ్రత్తగా గర్భిణిని చూసుకోవాలన్నది అదే గ్రంథం శారీరస్థానంలోని మాట. ఇతర మతాలదీ ఇదే దారి. ఖురాన్ రెండో సూరా రోగులకు, ప్రయాణికులకు రంజాన్ ఉపవాసం నుంచి వెసులుబాటు ఇస్తుంది. హదీసులు గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ దాన్ని వర్తింపజేశాయి. యూదుల అతి కఠినమైన ఉపవాసం యోమ్ కిప్పూర్. ఆ రోజున కూడా వంట వాసనకు గర్భిణి ప్రాణం కొట్టుకుంటే, ఆమె తేరుకునేదాకా తినిపించాలని యూదుల ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. దేహాన్ని కష్టపెట్టుకోవడమే తపస్సు కదా, సుఖం చూసుకుంటే వ్రతమేమిటి? తపస్సు ఎవరికి వారు తమ దేహంతో చేసేది. గర్భిణిని ఆయుర్వేదం రెండు హృదయాలున్నదిగా పరిగణించింది. వ్రతానికి పేరూ గోత్రమూ చెప్పి సంకల్పం చేసుకున్నది తల్లి ఒక్కతే. కడుపులోని బిడ్డ ఏ సంకల్పమూ చెప్పుకోలేదు. ఒప్పుకోని ప్రాణి మీద పడే కష్టం తపస్సు అనిపించుకోదు. తల్లి ప్రాణమూ బిడ్డ ప్రాణానికి తీసిపోయేది కాదు కనుక, ఆమె కడుపులో బిడ్డ లేకపోయినా నీళ్లకూ మందుకూ అడ్డు లేదు.

జబ్బు కర్మఫలమైతే మందెందుకన్న వాదానికీ చరకుడి దగ్గర సమాధానం ఉంది. దైవమూ పురుషకారమూ, అంటే మనిషి ప్రయత్నమూ, రెండూ ఆయువును నడుపుతాయి. బలహీనమైన దైవాన్ని బలమైన పురుషకారం గెలుస్తుంది. బాధ తెలియకముందే పరీక్ష చేయించుకోవడం, డాక్టరు రాసిన కోర్సు పూర్తిగా వాడడం అలాంటి పురుషకారమే.

ఇక మిగిలింది బెరుకు. అది ఏ శాస్త్రంలోనూ లేదు. చూసేవాళ్ల మాటల్లోనుంచి పుట్టింది. కాబట్టి దాన్ని తీయాల్సిన బాధ్యత కూడా గర్భిణిది కాదు, చుట్టూ ఉన్నవాళ్లది. వ్రతం మధ్యలో ఆమెను లేచి వెళ్లి రమ్మనడం, రాగానే నీళ్లు అందించడం ఆ పూజలో లోపం కాదు, భాగం.