చెప్పిన మాట వినే బొమ్మ

వేసవి సెలవులొచ్చాయంటే పూర్వం ఇళ్ళల్లో వామనగుంటల పీటలూ, చింతపిక్కలూ, గవ్వలూ బయటికొచ్చేవి. ఇప్పుడో? స్క్రూడ్రైవర్లూ, రంగురంగుల తీగలూ, టంకం వాసనా! ఒకప్పుడు ఇలాంటి సామాను కావాలంటే ఖమ్మంలో రైలెక్కి హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ దాకా పోవలసొచ్చేది. ఇప్పుడు పాల్వంచకైనా భద్రాచలానికైనా పార్సిల్లో వచ్చేస్తోంది. మీ ఇంట్లో ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లలుంటే ఈ సంగతులు మీకు కొత్త కాదు. లేకపోతే కాస్త ఓపిగ్గా వినండి. ఇందులో మన ఆడవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటుంది.

తనంత తాను నడిచే బొమ్మబండికి ముందు కావలసింది మైక్రోకంట్రోలరు. అంటే బండికి బుర్రన్నమాట. 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్ళో, విద్యార్థులకి తక్కువ ఖర్చులో అందాలని తయారుచేసిన ఆర్డుయినో బోర్డు పిల్లలకి బాగా అలవాటు. అందులోని చిప్పు సెకనుకి 1 కోటీ 60 లక్షల సార్లు టిక్కుమంటుంది. బుర్ర చురుకైనదే గాని ఒంట్లో సత్తువ లేదు. దాని ఒక్కో పిన్ను నుంచి క్షేమంగా తీసుకోగల కరెంటు 20 మిల్లీఆంపియర్లు. చిన్న దీపం వెలగడానికి అది చాలు. చక్రం తిప్పే మోటారుకి అంతకి ఎన్నో రెట్లు కావాలి. అందుకని ఇద్దరి మధ్యా మోటారు డ్రైవరు అని ఇంకొకటి పెడతారు. బుర్ర సన్నగా సైగ చేస్తే చాలు, ఇది బ్యాటరీలోని కరెంటుని మోటారుకి మళ్ళిస్తుంది. దీని లోపల ఒక్కో మోటారుకి నాలుగేసి స్విచ్చులు. ఒక జత వేస్తే చక్రం ముందుకి, రెండో జత వేస్తే వెనక్కి. చెప్పేదొకరు, మోసేదొకరు, తిరిగేదొకరు. అచ్చం మన ఉమ్మడి కుటుంబమే!

మా పక్కింటి అమ్మాయి అలాంటి బండి ఒకటి చేసింది. ఫోనులో బాణం గుర్తు నొక్కితే బండికి ఒక అక్షరం వెళ్తుంది. 'ముందుకి' అంటే ముందుకి, 'ఆగు' అంటే ఆగు. ఒకరోజు బండిని ముందుకి పంపి, ఎవరో పిలిస్తే ఫోనుతో సహా లోపలికెళ్ళింది. బ్లూటూతు అందలేదు. బండి మాత్రం ఆగలేదు. ఏడాది కారానికని నాయనమ్మ వాకిట్లో ఎండబోసుకున్న మిరపకాయల్లోకి దూసుకుపోయి, సగం కాయల్ని మట్టిలో పొర్లించింది.

తప్పెవరిది? "నేనసలు అక్కడ లేనేలేను" అంది పిల్ల. నిజమే. బుర్రనడిగితే "నాకు 'ఆగు' అని ఎవరూ చెప్పలేదు" అనేది. అదీ నిజమే. డ్రైవరు తనకి అందిన సైగని మోటారుకి చేరవేసింది. మోటారు తిరగమంటే తిరిగింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఎవరి వాటా వాళ్ళు దులిపేసుకున్నారు. పాడైన మిరపకాయలు మాత్రం నాయనమ్మవి.

సాయంత్రానికి ఆ పిల్లే ప్రోగ్రాములో ఒక మాట చేర్చింది. బాణం నొక్కి ఉంచినంతసేపూ ఫోను అదే అక్షరాన్ని మళ్ళీమళ్ళీ పంపాలి. అర సెకను పాటు ఏ కబురూ రాకపోతే బండి తనంత తానే ఆగిపోవాలి.

ఇదేదో పిల్లల ముచ్చటే అనుకోకండి. భద్రాచలం రోడ్డు స్టేషను ఉంది చూశారూ, పేరుకి భద్రాచలమే గాని ఉన్నది కొత్తగూడెంలో, అక్కడికొచ్చే రైళ్ళ ఇంజన్లలోనూ ఇదే నీతి. డ్రైవరు ఓ నిమిషం పాటు ఏ మీటా ముట్టకపోతే ముందు దీపం మిణుకుతుంది, తరవాత బజరు మోగుతుంది. అప్పటికీ పలక్కపోతే బ్రేకులు పడిపోతాయి. చెప్పేవాడు మౌనమైపోతే చివరి ఆజ్ఞని పట్టుకుని వేలాడకూడదని, రైలుకి కూడా నేర్పారన్నమాట.

విధేయత అంత మంచి గుణమైతే ఈ ఏర్పాటంతా ఎందుకండీ?

పాల్వంచ పరగణాకి తహసీల్దారుగా ఉన్న గోపన్న యంత్రమే అయితే, వసూలైన పన్నంతా గోల్కొండకి చేరేది, భద్రాద్రి మీద గుడి లేచేది కాదు. ఆయన చేసింది ఒప్పా, తప్పా అని మూడొందల ఏళ్ళ తరవాత కూడా వాదించుకోవచ్చు. కానీ 'నేను చేశాను' అని నిలబడి చెర అనుభవించిన మనిషొకడున్నాడు. బొమ్మని చెరలో పెట్టలేం. అందుకే అది చేసిన పనికి జవాబు, దానికి మాట చెప్పినవాళ్ళదే అవుతుంది.

ఇప్పుడు మన ఇళ్ళకొద్దాం. అప్పగింతలనాడు అమ్మాయి చెవిలో మనం వేసే మాటేమిటి? "సర్దుకుపోమ్మా, ఎదురు చెప్పకు." చెప్పి బస్సెక్కించేస్తాం. ఆపైన మనం అందని దూరంలో ఉంటాం. భద్రాచలం దాటి అడవిదారిన వెళ్ళేవాళ్ళకి సిగ్నలు పోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు కదా, అలాంటి దూరమే అదీను. ఆ పిల్ల అమ్మ చెప్పిన ఆఖరి మాట పట్టుకుని ఇరవై ఏళ్ళు సర్దుకుపోతూనే ఉంటుంది. చెయ్యి చేసుకున్నా, తిండి పెట్టకపోయినా సరే. తీరా అడిగితే "మేమిలా పడుండమన్నామా?" అంటాం. అనలేదు నిజమే. ఎక్కడ ఆగాలో కూడా చెప్పలేదుగా!

"అలా నేర్పితే ఇక ఎవరు మాట వింటారు, సంసారాలు సాగుతాయా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. సబబైన ప్రశ్నే. కానీ ఆగడం వేరు, ఎదురు తిరగడం వేరు. ఆగిన బండి ఎవరినీ గుద్దదు, ఎటూ పారిపోదు. తరవాతి మాట కోసం చూస్తూ ఉంటుంది. అయినా బండికి మనం చెప్పాలి గాని, ఆడపిల్లకి ఆగడం పుట్టుకతోనే తెలుసు. చిన్నప్పట్నుంచీ 'మంచిపిల్ల' అని మెచ్చుకుంటూ దాన్ని మరిపించింది మనమే.

సర్దుకుపోవడం చెడ్డదని నేననను. అది లేకుండా ఏ ఇల్లూ నడవదు. అప్పగింతల్లో ఆ మాట చెప్పేటప్పుడు దాని గడువు కూడా చెబుదాం. ఫలానాది జరిగితే సర్దుకుపోవద్దు తల్లీ, అక్కడ ఆగు, మాకు కబురు పెట్టు, మన ఇంటి తలుపు తీసే ఉంటుంది అని. ఏడుస్తూ చెప్పినా సరే, పిల్లకి అర్థమయ్యేలా చెబుదాం.