శలభము – ఇషుకారుడు

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను గూర్చి చెప్పును. అందు శలభము ఒకటి. దీపపు వెలుగును జూచి మురిసి, అందే పడి నశించును. ఇషుకారుడు, అనగా బాణములు చేయువాడు, మరియొక గురువు. ప్రక్కనుండి రాజు మేళతాళములతో పోవుచున్నను, పనిలో లీనమైన యతడు ఎరుగడు.

నేడు మైదుకూరులో సాయంవేళ ఏ యింట చూచినను ఒక బాలుడు ఫోను చేతబట్టి తల వంచి కూర్చుండును. పసుపు అమ్ముకొని వచ్చిన తాత పిలిచినను పలుకడు. పైకి అతడును ఇషుకారుడే యనిపించును. కాని ఇషుకారుని పనికి ముగింపు కలదు. ముగిసినంతనే తల యెత్తును, చేతిలో బాణము మిగులును. ఫోనులోని బొమ్మలకు ముగింపు లేదు. ఒకటి ముగియకమునుపే రెండవది తానుగా వచ్చి నిలుచును. దానిని చేసినవారు తెలిసియే అట్లు చేసిరి. రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు గంట మించి తెర చూపరాదనియు, అంతకు చిన్నవారికి అసలే వలదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

అట్లని ఫోనును పారవేయుమనుట ఈ సీమలో చెల్లదు. కడప జిల్లానుండి కువైటుకు పోయిన తల్లులు ఎందరో. అక్కడ పరుల బిడ్డలను సాకుచుండ, తమ బిడ్డలు ఇక్కడ అవ్వ యొద్ద పెరుగుదురు. అక్కడి గడియారము రెండున్నర గంటలు వెనుక. పని ముగించి తల్లి పిలుచువేళకు ఇక్కడ రాత్రి పదియో పదునొకండో. నిద్ర ఆపుకొని కూర్చున్న బిడ్డకు అమ్మ ఆ చిన్న అద్దములోనే కనబడవలెను. దానిని మాయ యని తోసివేయుటకు ఎవరికి నోరు వచ్చును? చిక్కంతయు తల్లి 'పండుకో నాయనా' అని ముగించిన తరువాతనే. అవ్వ కన్ను మూతపడును. ఫోను బిడ్డ చేతనే యుండును.

తండ్రి యింటనున్న చోట మాత్రము మేలా? సంగటి చల్లారుచుండ ఎడమచేతి ఫోనునుండి అతడు కన్ను త్రిప్పడు. కొడుకు 'నాయనా' యని రెండుమార్లు పిలిచి ఊరకుండును. శలభమునకు వయస్సుతో పని లేదు.

పాలు పొంగుచున్నవని యశోద బాలకృష్ణుని ఒడినుండి దించి పోగా, అతడు అలిగి పెరుగుకుండ పగులగొట్టెను. ఆమె కట్టబోయిన త్రాడు ఎన్ని కలిపినను రెండంగుళములు తక్కువే యయ్యెను. తల్లి చెమర్చి అలసియుండుట జూచి, జాలిగొని, తానే కట్టుబడెను. ఇంటింట పెట్టుచున్న కట్టుబాట్లు, ఫోనునకు వేయు తాళములు ఆ త్రాడు వంటివే. పెద్దలు తాము అలసిన జాడ బిడ్డకు కనబడవలెను.

రాత్రి మాట ముగిసినంతనే అవ్వ ఫోనును దేవుని గూటిలో నుంచి, బిడ్డ ప్రక్కన పండుకొని, కందిమల్లాయపల్లెలో బ్రహ్మముగారు దూదేకుల సిద్ధయ్యను చేరదీసిన కథ ఎత్తుకొనవచ్చును. సగమే జ్ఞప్తియున్నను కొరత లేదు. మొదటి రెండు రాత్రులు బిడ్డ అలిగి అటు తిరుగును. మూడవ రాత్రి, 'నిన్న యెక్కడ నిలిపినావవ్వా' యని అడుగవచ్చును.