పాలకుడు కనిపించని నాటకం



"ఏం చేస్తాం, పైవాళ్లు అట్లా ఉన్నారు" అనే మాట మన వాడల్లో రోజూ వింటాం. పైవాడు చెడ్డవాడైతే కిందివాడి తప్పు ఎంత? దీని గురించి ఆలోచించడానికి ఒక పాత నాటకం పనికొస్తుంది. శూద్రకుడి పేరుతో ఉన్న సంస్కృత నాటకం, మృచ్ఛకటికం.

కథ ఉజ్జయినిలో జరుగుతుంది. రాజు పేరే పాలకుడు. అవంతి రాజు ప్రద్యోతుడి కొడుకుగా పురాణాల రాజవంశాల్లో ఈ పేరు ఉంది. పది అంకాల నాటకంలో ఈయన ఒక్కసారి కూడా రంగం మీదకు రాడు. మనకు కనిపించేదంతా ఆయన బావమరిది శకారుడే. అధికారం ఎంత వికారంగా ఉంటుందో వీడిలో చూడాలి.

ఒక బౌద్ధ భిక్షువు తోటలోని కొలనులో తన చీవరం ఉతుక్కుంటాడు. శకారుడు పట్టుకుని కొడతాడు. కుక్కలూ నక్కలూ నీళ్లు తాగే కొలనే అది, ఆ మాట వాడే అంటాడు. అయినా భిక్షువు గుడ్డ తగిలితే మైలట! మహాడ్ చెరువు గుర్తు రావడం లేదూ? పశువులు తాగే ఆ నీళ్ల కోసం బాబాసాహెబ్ 1927 మార్చి 20న మన జనాన్ని వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చింది.

తర్వాత వాడు తనకు లొంగని వసంతసేన గొంతు నులిమి, చచ్చిందనుకుని, ఆ నేరం చారుదత్తుడి మీద పెడతాడు. న్యాయాధికారి ఫిర్యాదు ఇవాళ వినను అంటే, మా బావతో చెప్పి నిన్ను తీయించేస్తానంటాడు. అంతే, పెద్దమనిషి దిగొచ్చాడు. చారుదత్తుడు అలాంటివాడు కాదని లోపల తెలుసు. చివరికి, బ్రాహ్మణుణ్ణి చంపకూడదని మనువు చెప్పాడు, దేశం దాటిస్తే చాలు అని రాజుకు కబురు పంపాడు. (న్యాయంలోనూ కులమే!) రాజు కొరత వేయమన్నాడు.

రాజులు అధమ్మంలో ఉంటే ఉద్యోగులు, వాళ్లను చూసి గృహస్థులు, తర్వాత ఊళ్లూ పల్లెలూ అధమ్మంలోకి జారతాయని అంగుత్తర నికాయంలో బుద్ధుడు చెప్తాడు. ఇక్కడ అదే జరిగింది. కానీ ఒక్కచోట ఆగింది.

ఆగింది స్థావరకుడి దగ్గర. శకారుడి బండి తోలే బానిస. వసంతసేనను చంపమని యజమాని బంగారం ఆశ చూపాడు, కొట్టాడు. నా ఒంటి మీద నీకు అధికారం ఉంది, నా నడవడి మీద లేదు అన్నాడు స్థావరకుడు. మేడ మీద బంధిస్తే, నిజం చెప్పడానికి కిందికి దూకాడు. దొంగ మాటలని శకారుడు కొట్టిపారేస్తే బానిస మాట ఎవరూ నమ్మలేదు. పూర్వజన్మ పాపం వల్లే బానిసనయ్యానని వాడి చేత నాటకం అనిపిస్తుంది. బాబాసాహెబ్ చెప్పిన ధమ్మంలో దానికి చోటు లేదు. నేనూ ఒప్పుకోను. వాణ్ణి బానిసను చేసింది సంకెల వేసినవాడే. చంపనన్నది మాత్రం వాడి శీలం.

చారుదత్తుణ్ణి నడిపించుకెళ్లే తలారులు చండాలులు. తప్పు రాజాజ్ఞది, మాది కాదంటారు. సాధువును హింసించేవాడే చండాలుడనీ అంటారు. మాట గొప్పదే, కత్తి మాత్రం చేతిలోనే ఉంది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ పని వాళ్లు ఎంచుకున్నది కాదు. అయినా స్థావరకుడి పక్కన నిలబెడితే తేడా తెలుస్తుంది.

భిక్షువు బతికించిన వసంతసేన సమయానికి వచ్చి చారుదత్తుణ్ణి కాపాడుతుంది. పాలకుణ్ణి చంపి, గొల్లవాడైన ఆర్యకుడు రాజవుతాడు. స్థావరకుడికి విముక్తి, భిక్షువుకు విహారాల పెద్దరికం. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. మంచి నాయకుడొచ్చాడు, ఇక చాలనుకునే గుణం మనకూ ఉంది. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఈ గుణం గురించే.

తలారులకూ బహుమతి ఉంది. చండాలులందరికీ వాళ్లను పెద్దలుగా చేశారు.

ఈ కథ విహారంలో చెప్తే ఒక అక్క అడిగింది: "మరి వాళ్ల పిల్లలు ఏం పని చేస్తారన్నా?"