దేశాంతరం అంటే ఎంత దూరం?

పల్నాడులో నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు ఊళ్లలో పెద్దవాళ్లు పోతే ఇంటి ముందు షామియానా కింద ఫ్రీజర్ బాక్సు పెడుతున్నారు. అద్దం మీద చెమ్మ పట్టినప్పుడల్లా ముఖం కనబడాలని ఎవరో ఒకరు తువ్వాలుతో తుడుస్తుంటారు. "అబ్బాయి ఎక్కడిదాకా వచ్చాడు?" అని వచ్చినవాళ్లంతా అడుగుతారు. అబ్బాయి ఉండేది అమెరికాలో, షికాగోలో అనుకుందాం. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్, షికాగోల మధ్య నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు 13 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం ఇంచుమించు 16 గంటల ప్రయాణమైంది. గల్ఫ్‌లో విమానం మారి వస్తే దాదాపు ఒక రోజు, శంషాబాద్‌లో దిగాక కారులో మరికొన్ని గంటలు. సెలవు, టికెట్టు, వీసా చిక్కులు వేరే. ఈ లెక్క తేలేదాకా కన్నతల్లి దేహాన్ని రెండు మూడు రోజులు ఆపడం ధర్మమా? ఆపనక్కర్లేదని నా నిశ్చయం. ఆధారం మన ధర్మశాస్త్రంలోనే ఉంది.

దూరాన ఉన్నవాడు మైల ఎలా పట్టాలో చెప్పడానికి శాస్త్రకారులు ముందు దేశాంతరం అంటే ఏమిటో తేల్చుకోవాల్సి వచ్చింది. విజ్ఞానేశ్వరుడు రాసిన ధర్మశాస్త్ర వ్యాఖ్య మితాక్షరలో ఆ చర్చ ఉంది. మధ్యలో పెద్ద నది ఉన్నా, కొండ అడ్డొచ్చినా, భాష మారినా దేశాంతరమే. 60 యోజనాలని కొందరు, 40 అని, 30 అని మరికొందరు. పది రాత్రుల్లో కబురు అందని చోటే దేశాంతరమన్న నిర్వచనమూ ధర్మశాస్త్రంలో ఉంది. నది లెక్కన నాగార్జునసాగర్ దగ్గర కృష్ణకు ఆవలి ఒడ్డు కూడా మాచర్లకు దేశాంతరమే. యోజనం 8 మైళ్లనుకుంటే 60 యోజనాలు 770 కిలోమీటర్లు దాటుతాయి, షికాగో దానికి 17 రెట్లు. కబురు లెక్కన మాత్రం షికాగో పక్కిల్లే, నిమిషంలో వాట్సాప్‌లో తెలిసిపోతుంది. మైళ్ల దగ్గర ఇన్ని మాటలు చెప్పిన శాస్త్రం కన్నవాళ్ల విషయంలో మాత్రం తేల్చి చెప్పింది: కొడుకు ఎంత దూరాన ఉన్నా, విన్న రోజు నుంచి పది రోజులు మైల పట్టాలి. అంటే కొడుకు లేకుండానే దహనం జరిగిపోయే సందర్భాన్ని వాళ్లు ముందే ఒప్పుకున్నారు. దేహం వాడి కోసం ఆగి తీరాల్సిందే అయితే "విన్న రోజు" అన్న మాటకు పనేముంది?

అప్పుడు విమానాలు లేవు, ఇప్పుడు ఉన్నాయి కదా, తలకొరివి కొడుకే పెట్టాలి కదా అంటారు. రాగలిగినవాడు రావాలి, కాదనను. రాలేనప్పుడు మనవడో, తమ్ముడో, దాయాదో చేయవచ్చని, కర్మ చేసే అధికారం ఉన్నవాళ్ల వరుస శాస్త్రమే ఇచ్చింది. చివరిదాకా మంచం పక్కన ఉండి చూసుకున్న కూతురు కొరివి పెడితే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదని నేనంటాను. కడసారి ముఖం చూసుకోవాలన్న కొడుకు ఆరాటం మాత్రం నిజం, దాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ ఆ ఆరాటం కొడుకుది, కర్మ పోయినవాళ్లది. రెండూ ఢీకొన్నప్పుడు కర్మకే ముందు చోటివ్వాలి. అలాగని ఫోనులో దహనం చూసి మర్నాడు ఆఫీసుకు పోతే సరిపోతుందనడం మరీ అన్యాయం. కబురు నిమిషంలో అందింది గనక బాధ్యతా ఆ నిమిషం నుంచే మొదలవుతుంది. పది రోజులూ అక్కడే నియమంగా ఉండాలి, వీలైతే పెద్దకర్మకు రావాలి.

పల్నాటి పెద్దలకు ఒక మనవి. ఓపిక ఉండగానే పిల్లలతో ఈ మాట మీరే చెప్పండి: "ఒక పూట చూడండి, అందకపోతే ఆపకండి." మీ నోట విన్నారంటే ఆ రోజున అటు కొడుకునూ ఇటు బంధువులనూ ఎవరూ నిందించరు.