మూసిన తలుపుల వెనుక నిత్యకైంకర్యము

శార్వరి నామ సంవత్సర ఉగాది 2020 మార్చి 25వ తేదీన వచ్చినది. కరోనా మహమ్మారి కారణముగా దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినదియు ఆ దినముననే. శార్వరి యను సంస్కృతపదమునకు రాత్రి యని అర్థము. అరువది యేండ్లకొకసారి వరుస తప్పక వచ్చు ఆ పేరు ఈ మారు ఇంత సూటిగా తగులునని పంచాంగము వ్రాసినవారును తలచి యుండరు.

ఉగాదినాడు దేవుని కడపలో చూడముచ్చటయైన ఆచారమొకటి కలదు. బీబీ నాంచారమ్మను తమ యింటి ఆడపడుచుగా తలచు కడప ముస్లిములు ఆనాడు శ్రీ లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి వచ్చి, అల్లుని యింటికి వచ్చిన పుట్టింటివారివలె కానుకలు సమర్పించి పోదురు. ఇటు శ్రీశైలమునకు కన్నడదేశపు భక్తులు నల్లమల అడవిదారిని కాలినడకన వత్తురు. వారికి భ్రమరాంబ ఆడపడుచు, మల్లన్న అల్లుడు. ఆ యేడు ఆ యిద్దరు అల్లుళ్ల యిండ్లకును పుట్టింటివారు రాలేకపోయిరి. ఒంటిమిట్టలో వేలజనము నడుమ వెన్నెలలో జరుగవలసిన కోదండరాముని కల్యాణము సయితము ఏకాంతముగనే జరిగినది.

అయినను ఈ గుళ్లలో ఒక్క విషయము మాత్రము మారలేదు. తెల్లవారుజామున సుప్రభాతము ఆగలేదు. అర్చన ఆగలేదు. నైవేద్యపు వేళ దాటలేదు. రాత్రి ఏకాంతసేవ కానిదే తలుపు మూయలేదు. చూచువారు లేరు గదా యని అర్చకుడు ఒక్క ఉపచారమును తగ్గింపలేదు. లోకమంతయు తలక్రిందులైన దినములలో గర్భాలయములోని దినము మాత్రము తన క్రమమును విడువలేదు. భయముచే చెదరిన మనస్సు గలవాడు తన దినమును ఎట్లు గడుపుకొనవలెనో ఆ మూసిన తలుపుల వెనుకనే కనబడుచుండెను. కాని నాడు బయటనున్నవారి చూపు తాళముమీద నిలిచినంతగా లోపలి దీపముమీద నిలువలేదు.

ఆ ఏప్రిల్ మాసము గడచునప్పటికి రాష్ట్రములో అత్యధికముగా కేసులు నమోదైన జిల్లా కర్నూలు. ఆ పట్టణము ఆపదలను ఎరుగనిది కాదు. 2009 అక్టోబరు ఆరంభమున తుంగభద్ర, హంద్రి పొంగి ఊరిని ముంచినపుడు ముక్కుమొగము తెలియనివారిని మిద్దెలమీదికి లాగి ప్రాణములు కాపాడినవారు అక్కడి జనమే. వరదలో ఒకరి చేయి ఒకరు పట్టుకొనుట ధర్మమైనది. మహమ్మారిలో పట్టిన చేయి విడుచుట ధర్మమైనది. కష్టమువేళ దగ్గరకు పరుగెత్తు అలవాటున్నవానికి దూరముగా నుండుమని చెప్పుట కంటె కఠినమైన ఆజ్ఞ లేదు. మనుష్యుల భయము ఇబ్బడి యగుటకు ఇదియొక ముఖ్యకారణము.

అర్ధరాత్రి నోరెండుట, గుండె దడదడలాడుట, ఒళ్లు కాలినట్లగుట, వెంటనే “నాకును సోకినది” అని తోచుట, తీరా థర్మామీటరు పెట్టి చూచిన జ్వరము లేకుండుట, ఇవి ఆనాడు ఇంటింట జరిగినవే. గీత మొదటి అధ్యాయము చదివినవారికి ఈ లక్షణములు క్రొత్తవి కావు. అవయవములు పట్టుదప్పుట, నోరెండుట, వణకు, చర్మము మండుట, నిలువజాలకపోవుట, గాండీవము చేజారుట అని అర్జునుడు తన స్థితిని తానే చెప్పుకొన్నాడు. అతనికి ఏ రోగమును లేదు, ఏ బాణమును తగులలేదు. భయము మనస్సులో పుట్టినను దాని బరువు దేహము మోయుననుటకు అంతకంటె స్పష్టమైన వర్ణన మరియొకటి కానరాదు. ఆ అధ్యాయమునకు విషాదయోగమని పేరు. చరకసంహిత సూత్రస్థానము రోగమును పెంచువానిలో విషాదమే ముఖ్యమైనదని ఎంచినది. వ్యాసభగవానుని గ్రంథమును, వైద్యుల గ్రంథమును ఇచట ఒకే మాట వాడుట గమనింపదగినది.

ఆ చరకసంహితయందే విమానస్థానములో జనపదోద్ధ్వంసమను అధ్యాయము కలదు. పాంచాలదేశమున కాంపిల్యనగరము చెంత, గంగాతీరమున, గ్రీష్మాంతమున నడచుచు పునర్వసు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునకు చేసిన బోధ అది. ప్రకృతి, ఆహారము, బలము, వయస్సు వేరువేరైన మనుష్యులందరు ఒకేసారి ఒకే వ్యాధిచే ఎట్లు నశింతురని శిష్యుని ప్రశ్న. అందరికిని సమానములైన వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగు చెడుటచేతనని గురువు సమాధానము. సూక్ష్మజీవులను గూర్చి నేడు వైద్యులు చెప్పునది అందు లేదు, ఉన్నదని వాదించుటయు తగదు. కాని అట్టి కాలమున మనుష్యుడేమి చేయవలెనని చెప్పినచోట ఆత్రేయుడు ఔషధమొక్కటియే చెప్పి ఊరకుండలేదు. సత్యము, భూతదయ, దానము, దేవతార్చనము, సదాచారము, ప్రశాంతత, తన్ను తాను కాపాడుకొనుట అని వరుసగా చెప్పినాడు. తన్ను తాను కాపాడుకొనుటయు, ఇతరులయెడ దయయు ఒకే వరుసలో నుండుట మరువరాదు.

ఇక కర్నూలు, కడప సీమలవారికి మరియొక భయము తోడైనది. శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు ఈ వ్యాధిని ముందే చెప్పినారని కాలజ్ఞానము పేర ఒక పద్యము సెల్‌ఫోనులలో ఊరూర తిరిగినది. బనగానపల్లె చెంత రవ్వలకొండలో కూర్చున్నవాడు, కందిమల్లాయపల్లెలో సమాధి చెందినవాడు ఈ రెండు సీమలకును ఇంటి పెద్దవంటివాడు. ఆయన మాట యనగనే వినువారి గుండె జల్లుమన్నది. ఆ పద్యమును పంపినవారు విన్నవారికి ధైర్యమిచ్చితిమా, భయమిచ్చితిమా యని ఒక్క క్షణము ఆలోచింపరైరి. ఆ మహనీయుని చరిత్రలో ఆనాటికి అక్కరకు వచ్చు ఘట్టము వేరొకటి కలదు. గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులను మేపుచు, ఆయన మందచుట్టును కర్రతో గిరి గీసి, గుహలో కూర్చుండి కాలజ్ఞానము వ్రాసికొనెడివాడని పెద్దలు చెప్పుదురు. పశువులు ఆ గీత దాటక కడుపునిండ మేసెడివట. గిరి గీచినది శిక్షించుటకు కాదు. లోపలివి క్షేమముగా నుండుటకు, గీచినవాడు తన పని తాను చేసికొనుటకు. లాక్‌డౌన్ దినములలో అంగళ్లముందు సున్నముతో గీసిన వలయములలో నిలుచుండి ఉప్పు పప్పు కొన్నవారికి ఈ కథ తెలియనిది కాదు. ఇంటి గడపనే ఆ గిరిగా తలచినవారు లోపల కొంత పని చేసికొనగలిగిరి. దానిని చెరసాల గోడగా తలచినవారు దినమంతయు ఆ గోడనే చూచుచు గడపిరి.

లోపల చేయవలసిన పని యేమి? గీత ఆరవ అధ్యాయము ఆహారము, విహారము, నిద్ర, మెలకువ, పని, వీనియందు మితమెరిగినవానికే యోగము దుఃఖనాశకమగునని చెప్పుచున్నది. పెద్ద తపస్సేదియు అందు లేదు. మనస్సును పట్టుట గాలిని పట్టుటవంటిదని అర్జునుడే మొరపెట్టుకొన్నాడు. మనస్సును నేరుగా పట్టలేనివాడు వేళను పట్టవచ్చును. మేల్కొను వేళ, స్నానపు వేళ, భోజనపు వేళ, దీపము పెట్టు వేళ, పడుకొను వేళ, ఈ అయిదింటిని గుడిలోని కాలపూజలవలె నిలుపుకొన్న యింట భయమునకు చోటు తగ్గినది. బ్రాహ్మీముహూర్తమున లేవవలెనని చెప్పిన వాగ్భటుడు ఆ మాటను ఆరోగ్యవంతునకే చెప్పినాడు. రోగికి రాత్రియంతయు సేవచేసినవాడు తెల్లవారుజామున లేవలేదని నొచ్చుకొనవలసిన పనిలేదు.

ఆహారమును గూర్చి ఈ సీమవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నము తిని పెరిగిన దేహములవి. చెడినదెల్ల వేళ తప్పుటచేత. ఊరక కూర్చున్నప్పుడెల్ల ఏదో యొకటి నమలుటయు, భయపడినప్పుడెల్ల మిరియాల కషాయము త్రాగుటయు ఆనాటి కొత్త అలవాటులు. కషాయము మంచిదే. గంటకొకమారు త్రాగి కడుపు మండించుకొని, ఆ మంటకు మరల భయపడినవారును కలరు. ఇంటిలోనో మిద్దెమీదనో ఉదయపుటెండలో ఇష్టదైవనామము చెప్పుకొనుచు నూటెనిమిది అడుగులు ప్రదక్షిణముగా నడచుట ఇంతకంటె మేలు చేసినది. దేహమునకు నడక, నోటికి నామము, మనస్సునకు లెక్క, మూడును ఒక్కటైనవి.

వార్తలమాట వేరుగా చెప్పవలెను. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడపవరకు వచ్చు కె.సి. కాలువక్రింద సేద్యము చేయువానికి నీటి పద్ధతి తెలియును. కాలువ నిండుగా పారుచున్నదని గట్టు తెంపి మడిలోనికి వదలుకొనువాడు లేడు. తూము తీయు వేళ తీయును, తడి చాలగనే మూయును. టెలివిజనులోను, సెల్‌ఫోనులోను రాత్రింబవళ్లు పారిన మరణవార్తలకు మాత్రము ఎవరును తూము పెట్టుకొనలేదు. పూటకొకమారు, పది నిమిషములు, నమ్మదగినచోట వినిన చాలును. పడుకొనుటకు ముందు వినరాదు. చింతకును చితికిని వర్ణములలో భేదమెంత స్వల్పమో, చితి శవమును కాల్చగా చింత జీవించియున్నవానిని ఎట్లు కాల్చునో పండితులు చమత్కారముగా చెప్పుదురు. ఆనాడు రాత్రి రెండు గంటలవరకు ఫోను చూచుచు గడపినవారికి అది చమత్కారముగా తోచి యుండదు.

ఇంతవరకు చెప్పినది యింట గింజలున్నవారి మాట. కోసిగి, ఆదోని ప్రాంతములనుండి గుంటూరుసీమకు మిరపకోతలకు పోయి, బండ్లు లేక చేలగట్లమీదనే నిలిచిపోయిన కూలివారికి “చింతింపకుము, వేళకు భుజింపుము” అని చెప్పుట ధర్మబోధ కాదు, వెక్కిరింత. మగ్గము ఆగిన నేతవాని చింత అన్నముతోనే తీరును. ఆత్రేయుడు చెప్పిన దానము ఇట్టిచోటికే. ఆ దినములలో కూలివారికి ఒక పూట సంగటి పెట్టిన గృహస్థులకును తమ భయము సగము తగ్గినది. తన గుండె దడను వినుచు కూర్చుండుటకు వారికి తీరిక లేకపోయెను.

కర్నూలులో డాక్టరు కె.యం. ఇస్మాయిల్ హుస్సేన్‌గారిని జనము “రెండు రూపాయల డాక్టరు” అని పిలిచెడివారు. రోగి యిచ్చినంత పుచ్చుకొని, ఇయ్యలేనివానికిని వైద్యము చేసిన ఆయన డెబ్బదియారేండ్ల వయస్సున 2020 ఏప్రిల్‌లో ఈ వ్యాధికే బలియైరి. వేలమంది మోయవలసిన ఆ దేహమును అతికొద్దిమంది సాగనంపిరి. అట్టివారు భయమెరుగరని తలచుట పొరపాటు. తలుపు తట్టిన రోగి వారికి తమ భయముకంటె ముందు కనబడెను, అంతే.

దీనికి మారుగా జరిగినదియు చెప్పకతప్పదు. జబ్బు తగ్గి యిల్లు చేరినవారిని వీధివారు నెలలకొలది వెలివేసినట్లు చూచిరి. అద్దె యిండ్లు ఖాళీ చేయించిరి. దీనికి కొందరు మడి యని, శౌచమని పెద్దపేరులు పెట్టిరి. చేతులు కడుగుకొనుట శౌచము. ముఖమునకు మాస్కు కట్టుకొనుట శౌచము. టీకా వేయించుకొనుటయు ఆత్మరక్షణలోనిదే. రోగినుండి నాలుగడుగుల దూరమున నిలుచుండి పళ్లెము గడపలో పెట్టి “తిన్నావా నాయనా?” అని అడుగుటయు శౌచమునకు లోపము కాదు. ఆ ప్రశ్న అడుగక తలుపు వేసికొనుటను మాత్రము ఏ శాస్త్రమును శౌచమనదు.

2021 ఏప్రిల్ 13న శార్వరి గడచి ప్లవనామ సంవత్సరము వచ్చినది. ప్లవమనగా తెప్ప. రాత్రి గడచినది, తెప్ప దొరకినదని పంచాంగశ్రవణమున పలువురు సంతోషించిరి. ఆ నెలలోనే రెండవ అల లేచినది. ఆక్సిజనుకొరకు పరుగులు, ఆసుపత్రి గుమ్మములలో ఏడ్పులు, ఒక్కొక్క యింట రెండేసి మరణములు. తెప్ప కావలసినది అలలున్నచోటనే గదా. మొదటి యేట పూట తప్పక నియమము నిలుపుకొన్నవారిలోను దుఃఖము తగిలినవారు కలరు. నియమము మృత్యువును ఆపునని ఎవరైన చెప్పినచో అది అసత్యము. మరునాటి ఉదయము దీపము పెట్టుటకు లేచు శక్తిని ఆ అలవాటు కొందరికి మిగిల్చినది.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ వ్యాధి విషయమున అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. ప్రకటనతో పోని భయములు కొన్ని ఇండ్లలో నేటికిని కలవు. నిద్రపట్టనివారు, దగ్గు వినగనే వణకువారు, జనములోనికి పోలేనివారు జపము చేయుచునే వైద్యుని కూడ చూడవలెను. మనోవ్యాధికి వైద్యము చేయించుకొనుట భక్తికి లోటు కాదు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ఆరంభించిన 14416 అను టెలిఫోను సంఖ్య ఇందుకే యున్నది, మాటాడుటకు రుసుము లేదు.

అన్నిటికంటె లోతుగా దిగిన బాధ వేరొకటి. తండ్రి ముఖము కడసారి చూడలేదని, కొరివి పెట్టలేదని, మంత్రము లేకయే ఎవరో దహనము చేసిరని కుమిలెడి బిడ్డలు ఈ సీమలో కలరు. తండ్రికి సద్గతి కలుగలేదేమో యను భయము వారిని రాత్రులందు లేపుచున్నది. ధర్మశాస్త్రము వారిని విడిచిపెట్టలేదు. దేహమే లభింపనివానికి పలాశపర్ణములతో ప్రతికృతి చేసి సంస్కరించు విధి అందు కలదు. కాలమునకు చేయలేని కర్మను తరువాత చేయు మార్గమును కలదు. 2020 నవంబరు 20 నుండి డిసెంబరు 1 వరకు జరిగిన తుంగభద్ర పుష్కరములలో నదీస్నానమునకు అనుమతి లేకున్నను పిండప్రదానమునకు అనుమతి యుండెను. రెండవ అలలో పోయినవారి బిడ్డలకు ఆ అవకాశము చిక్కలేదు. కాని మహాలయపక్షము ఏటేట భాద్రపదమున వచ్చుచునే యున్నది. మరణతిథి తెలియనివారికి అమావాస్య యున్నది. అట్టివారు తమ పురోహితుని కలిసి, జరిగినదంతయు దాచక చెప్పి, తగిన విధిని అడుగవలెను. ఖర్చుకు జంకవలదు. తిలోదకమునకు కావలసినవి గుప్పెడు నువ్వులు, దోసెడు నీరు, దర్భలు.